పడవ డెక్ (పై తలం) మీంచి నీళ్ళు కారుతున్నాయి: సిలికాన్ పూసి వదిలేయొచ్చా?

బర్క్లీ_బోటోడు
వేసవిలో 1978 నాటి 27 అడుగుల కెటలీనా తెరచాప పడవ ఒకటి కొన్నాను. ఎంతకి కొన్నానో చెబితే నవ్వుతారు, ఆ డబ్బుకి వాడిన కరోలా కూడా రాదు. బే ఏరియాలో ఎండాకాలమంతా చినుకు పడదు కదా, లోపలంతా పొడిగా, ముచ్చటగా కనబడింది. నవంబరులో మొదటి వాన పడ్డాక అసలు రంగు బయటపడింది. ఎడమవైపు బెర్తు మీద పరుపు పిండితే నీళ్ళు. పైకెక్కి చూస్తే రెయిలింగు నిలబెట్టే స్టాంచన్ల కాళ్ళ చుట్టూ పాత ఓనరు పూసిన సిలికాన్ పొరలు పొరలుగా, పచ్చబడి ఉంది. ఇంకో ట్యూబు కొని దాని మీదే పూసేస్తే సరిపోదా? పడవలు బాగుచేసే యార్డువాళ్ళు చూడటానికే గంట లెక్కన తీసుకుంటారట. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిపనిలో కుళాయి వాషరు మార్చడం దాకా వచ్చు. ఇంకో సంగతి, మాస్టు (తెరచాప కట్టే స్తంభం) పక్కన నడుస్తుంటే ఒకచోట డెక్ మెత్తగా తగులుతోంది. అది వేరే జబ్బా, ఇదేనా?

అలమీడా_గాలి
ఆ ట్యూబు కొనకండి. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ కూడా సరిగా అతుక్కోదు. అది తాకినచోట తర్వాత రంగు పట్టదు, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పట్టదు, వేరే సీలెంటూ పట్టదు. పైనుంచి చుట్టూ పూస్తే ఇంకో నష్టం. నీళ్ళు ఏదో సన్న సందులోంచి దిగుతూనే ఉంటాయి, కానీ ఆ గట్టు అడ్డం పడి మళ్ళీ ఆరవు. స్టాంచన్ ఊడదీసి, కింద శుభ్రం చేసి, కొత్త సీలెంటు పెట్టి బిగించాలి. రీబెడ్డింగ్ అంటారు. మెత్తగా తగిలే చోటు గురించి తర్వాత మాట్లాడుకుందాం, అది అంత శుభవార్త కాదు.

లేక్‌ట్రావిస్_రెడ్డి
కొత్తవాళ్ళని అలా భయపెట్టకండి. నా పడవ కిటికీల చుట్టూ సిలికానే ఉంది. ఏళ్ళు గడిచాయి, చుక్క కారలేదు.

గాలివాటం
రెడ్డి గారూ, లేక్ ట్రావిస్‌లో నీళ్ళు ఉంటే కదా కారడానికి. కరువొస్తే మీ మెరీనాలే నీళ్ళ వెంట జరుగుతుంటాయి.

లేక్‌ట్రావిస్_రెడ్డి
అది ఒప్పుకుంటా. కానీ టెక్సస్ ఎండకి నిలబడింది కదా, అది చిన్న విషయమా?

అలమీడా_గాలి
కిటికీని ఎవరూ పట్టుకుని లాగరు. స్టాంచన్ అలా కాదు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, డాక్‌కి గుద్దుకోకుండా తోసేవాళ్ళు అందరూ దాన్నే పట్టుకుంటారు. రెండడుగుల గొట్టాన్ని పై కొసన లాగితే కింద నాలుగు బోల్టుల మీద ఎంత బలం పడుతుందో మీకు తెలియనిది కాదు. అందుకే చాలా పడవల్లో ముందు కారేవి అవే. అక్రిలిక్ కిటికీకి సిలికాన్ తప్పని నేననలేదు. అక్కడ పాలీసల్ఫైడ్ రకం సీలెంటు వాడితేనే ప్రమాదం, ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

ఎపాక్సీ_ఆచారి
ఎక్కడ కారుతోందో తేలకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. బెర్తు మీద చుక్క పడుతోంది కాబట్టి సరిగ్గా దాని పైనే చిల్లు ఉందనుకోవడానికి లేదు. ఆ పడవల్లో డెక్ కింద ఇంకో ఫైబర్ పొర ఉంటుంది, లైనర్ అంటారు. నీళ్ళు మాస్టు దగ్గరో, ముందు హాచ్ (డెక్‌లో ఉండే తలుపు) దగ్గరో దిగి, ఆ రెండు పొరల మధ్య పాకి, పడవ ఎటు వాలి ఉంటే అటు వచ్చి మీ పరుపు మీద పడతాయి.

ఇద్దరు కావాలి. లోపలంతా పొడిబట్టతో తుడిచి, అనుమానమున్న ప్రతి బోల్టు కింద టిష్యూ కాగితం టేపుతో అంటించండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. ఒకరు బయట హోసుతో నీళ్ళు పట్టాలి, ధార గట్టిగా వద్దు, వానలా జారితే చాలు. కింద నుంచి పైకి రావాలి. ముందు డెక్ అంచు, తర్వాత స్టాంచన్లు, తర్వాత చెయిన్‌ప్లేట్లు (మాస్టు తీగలు కట్టే లోహపు పట్టీలు), కిటికీలు, చివర్న మాస్టు. ఒక్కోచోట కనీసం ఐదు నిమిషాలు నిలబడండి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నింటి మీదుగా పారి, ఏది దొంగో తెలీదు.

అలా దొరక్కపోతే ఇంకో పద్ధతి. హాచ్‌కి అట్టముక్క అడ్డం పెట్టి, దానికి కంత చేసి, ఆకులు ఊదే బ్లోవరు గొట్టం బిగించి లోపలికి గాలి కొట్టండి. వెంటిలేటర్లు టేపుతో మూసేయండి. బయట ఫిట్టింగుల మీద సబ్బునీళ్ళు రాస్తే కారేచోట బుడగలొస్తాయి.

సాగర్_గట్టు
ఆచారి గారు చెప్పిన సబ్బునీళ్ళ పద్ధతినే మేం హుస్సేన్‌సాగర్ దగ్గర లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవలకి చేస్తాం. కాకపోతే బ్లోవరు లేదు, నోరే బ్లోవరు. వెనకాల బిరడా ఊడదీసి గొట్టం పెట్టి ఊదడమే. కంప్రెసర్ మాత్రం పెట్టనివ్వం. లోపల మూసుకుపోయిన గాలి ఒత్తిడి పెరిగితే డెక్, హల్ (పడవ కింది దొప్ప) అతుకు దగ్గర విడిపోతాయి. మాస్టు దిగే గుంత అనుమానమైతే దాన్ని నీళ్ళతో నింపి గీత పెట్టి వదిలేస్తాం. కాసేపటికి మట్టం దిగితే అక్కడే కారుతున్నట్టు. పిల్లలు పోటీ అయ్యాక బిరడా తీసి నీళ్ళు వంచకుండానే ఇంటికి పోతారు, అది వేరే కథ.

గాలివాటం
హుస్సేన్‌సాగర్ నీళ్ళు తగిలిన గొట్టానికి నోరు పెట్టి ఊదుతారా! మీ ధైర్యానికి దండం.

సాగర్_గట్టు
గొట్టం కడిగే ఊదుతాం సార్. జూలైలో వచ్చి చూడండి, వానాకాలం గాలికి పోటీలు ఎలా జరుగుతాయో. తిరగబడిన పిల్లలు ఆ నీళ్ళలోంచే నవ్వుకుంటూ లేస్తారు.

పడవ_నా_సవతి
ఈ పోస్టు పెట్టిన మహానుభావుడి ఇల్లాలిని. "ఇద్దరు కావాలి" అని ఎవరో రాశారు కదా, ఆ రెండో మనిషిని నేనే. శనివారం పొద్దున్న నుంచి లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను, ఆయన బయట హోసుతో హాయిగా పాటలు. ఫలితం ఆయన రాసేలోపు నేనే చెబుతున్నా. ఎడమవైపు మధ్య స్టాంచన్, దాని వెనకది రెండూ కారుతున్నాయి. అవి కాక ఒక ఇనప పట్టీ డెక్ గుండా కిందికి దిగి చెక్కగోడకి బిగించి ఉంది చూడండి, దాని పక్కనుంచి కూడా సన్నగా. ఆయన కంటే ముందు దాన్ని పట్టుకున్నది నేనే, అది రికార్డులో ఉండాలి.

బర్క్లీ_బోటోడు
రికార్డులో ఉంది. ఆ పట్టీ చెయిన్‌ప్లేటే, కుడివైపు పొడిగా ఉంది. ఎడమవైపు చెక్క కింద భాగంలో నల్ల చార కనబడుతోంది.

సియాటిల్_ముసురు
చెయిన్‌ప్లేట్ మీద కారుతుంటే అన్నిటికంటే ముందు అదే చూడండి. స్టాంచన్ కారితే పరుపు తడుస్తుంది, అంతే. చెయిన్‌ప్లేట్ మాస్టుని పట్టుకుని ఉంటుంది. అది బిగించిన చెక్కగోడ, అంటే బల్క్‌హెడ్, ప్లైవుడ్‌ది. నీళ్ళు పట్టీ వెంట దిగి ప్లైవుడ్ అంచులోకి ఇంకితే బోల్టు రంధ్రాల చుట్టూ కుళ్ళుతుంది. సన్నని స్క్రూడ్రైవర్‌తో నల్ల చార దగ్గర పొడిచి చూడండి. గట్టిగా ఆగితే అది మరకే. లోపలికి దిగితే ఈ గాలికాలంలో తెరచాప ఎత్తకండి.

ఇంకొకటి, పట్టీ డెక్ మందంలో దాగి ఉన్న భాగమే ప్రమాదం. స్టెయిన్‌లెస్ స్టీలుకి గాలి తగలాలి, తగిలితేనే పైపొర తనని తాను కాపాడుకుంటుంది. గాలి లేని తడిలో ఉంటే పైకి మెరుస్తూనే లోపల పగుళ్ళు పడుతుంది. బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, భూతద్దంతో చూడాల్సిందే.

లంగరు_లక్ష్మి
లాగేముందు జాగ్రత్త. ఒకసారికి ఒక్క చెయిన్‌ప్లేట్ మాత్రమే. ఆ వైపు ష్రౌడ్ (మాస్టుని పక్కనుంచి పట్టే తీగ) విప్పేముందు ఖాళీ హాలియార్డ్‌ని (తెరచాప ఎత్తే తాడు) డెక్ అంచున గట్టి చోటికి తెచ్చి బిగించి, మాస్టుకి తాత్కాలికంగా ఆధారం ఇవ్వండి. గాలి లేని పొద్దుటిపూట చేయండి. టర్న్‌బకిల్ (తీగ బిగించే మరల ముక్క) విప్పేముందు ఎన్ని మరలు బయటున్నాయో టేపుతో గుర్తు పెట్టుకుంటే మళ్ళీ సరిగ్గా అక్కడికే బిగించొచ్చు.

బర్క్లీ_బోటోడు
స్క్రూడ్రైవర్ దిగలేదు, చెక్క గట్టిగానే ఉంది. పట్టీ బయటికి తీశాను, పగుళ్ళు కనబడలేదు, ఒకచోట గోధుమరంగు మరక ఉంటే పాలిష్ చేస్తే పోయింది. స్టాంచన్ల దగ్గరే గొడవ. మధ్యది ఊడదీయగానే బోల్టు రంధ్రంలోంచి తడిసిన గోధుమరంగు చెక్కపొట్టు వచ్చింది. వెనకదానిలో పొడి చెక్కే. ఇప్పుడేం చేయాలి? సీలెంట్ ఏది కొనాలి? షాపులో కుర్రాడు 3ఎం కంపెనీ 5200 అనే ట్యూబు ఇస్తున్నాడు.

అలమీడా_గాలి
5200 వద్దు! అది సీలెంట్ కాదు, జిగురు. డెక్‌కీ హల్‌కీ మధ్య అతుకుకి వేసే రకం. దానితో స్టాంచన్ బిగిస్తే మళ్ళీ తీయాల్సి వచ్చినప్పుడు ఫైబర్ పొర కూడా దాంతో పాటే ఊడి వస్తుంది. ఇలాంటివాటికి బ్యూటైల్ టేపు, రబ్బరు ముద్దలాంటిది. చవక, ఎన్నాళ్ళైనా మెత్తగా ఉంటుంది, సీలెంటులా చేతులకి పూసుకోదు, ట్యూబు సగం వాడాక గడ్డకట్టిందన్న గోల లేదు.

లేక్‌ట్రావిస్_రెడ్డి
బ్యూటైల్ ఎండకి కారి డెక్ అంతా నల్లగా పూసుకోదా?

సియాటిల్_ముసురు
ఇంటి కప్పులకి వాడే చవక రకం అలాగే చేస్తుంది. పడవలకి అమ్మే బూడిదరంగుది నిలుస్తుంది. పెట్రోలు, డీజిలు ఫిట్టింగుల దగ్గర మాత్రం వాడకూడదు, అవి దాన్ని కరిగిస్తాయి. నీటిమట్టం కింద కూడా వద్దు.

ఎపాక్సీ_ఆచారి
పొట్టు తడిగా వచ్చిందంటే అక్కడ కోర్ పోయినట్టే. డెక్ అంటే పైన ఒక ఫైబర్ పొర, కింద ఒకటి, మధ్యలో చెక్క. కొన్నిటిలో ప్లైవుడ్, కొన్నిటిలో బాల్సా ముక్కలు. ఆ చెక్కలోకి నీళ్ళు పోకుండా ప్రతి రంధ్రం చుట్టూ ఎపాక్సీతో గోడ కట్టాలి, కర్మాగారంలో అది చేయరు. మీరు చేయాల్సింది ఇది.

మేకు ఒకటి కొస వంచి, డ్రిల్లుకి బిగించి, రంధ్రంలో దింపి తిప్పండి. మధ్యలో చెక్క మాత్రమే చుట్టూ అర అంగుళం మేర తొలుస్తుంది, పైపొరలు రెండూ అలాగే ఉంటాయి. పొట్టు వాక్యూమ్‌తో లాగేయండి. తర్వాత ఆరనివ్వాలి, ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. పైన టార్పాలిన్ కట్టి, లోపల చిన్న హీటరో, డీహ్యూమిడిఫయరో పెట్టి రోజుల తరబడి వదలాలి. చలికాలంలో ఇంకా ఆలస్యం. ఆరాక కింద టేపుతో మూసి, ముందు పల్చటి ఎపాక్సీ పోసి చెక్కకి తాగించండి, అది జిగటగా ఉండగానే సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ సిరంజితో నింపండి. గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త రంధ్రం. ఇక ముందు నీళ్ళు దిగినా ఎపాక్సీ గోడ దగ్గరే ఆగుతాయి, చెక్కని ముట్టుకోవు.

రంధ్రం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కొంచెం గిన్నెలా చేయండి, బ్యూటైల్‌కి కూర్చునే చోటు. బోల్టు తల కింద బ్యూటైల్‌ని చుట్టి దింపండి. బిగించేటప్పుడు బోల్టు తిప్పకూడదు, పైన ఒకరు కదలకుండా పట్టుకోవాలి, కింద నట్టు తిప్పాలి. ఒకేసారి పూర్తిగా బిగించొద్దు. పిండుకుని బయటికి వచ్చేదాకా బిగించి, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు ఇంకొంచెం. కింద చిన్న వాషర్లకి బదులు అల్యూమినియం పలకో, జీ10 (గట్టి ఫైబర్) పలకో పెట్టండి.

పడవ_నా_సవతి
"పైన ఒకరు, కింద ఒకరు." మళ్ళీ నేనే అన్నమాట.

జాలారిపేట_ఫైబర్
వైజాగ్‌లో ఫైబర్ తెప్పలు బాగుచేస్తాను. మా దగ్గర ఇంత ఎపాక్సీ వైభోగం లేదు, పాలిస్టర్ రెసిన్, మ్యాట్ (గాజుపోగుల చాప) తోనే పని. ఇసక మీదకి లాగి లాగి అడుగు అరిగిపోతుంది, పొర మీద పొర వేసుకుంటూ పోతాం. సముద్రంలో రోజూ తిరిగే పడవలే అవి. ఇంత చిన్న పనికి ఎపాక్సీ అవసరమా అని నా అనుమానం. ధర చూశారా?

ఎపాక్సీ_ఆచారి
అన్నా, మీరు చేసే పనికి పాలిస్టరే సరైనది, మందంగా పొరలు వేయాలి, త్వరగా కావాలి, ఖర్చు తగ్గాలి. ఇక్కడ సంగతి వేరు. ఎప్పుడో గట్టిపడిన పాత ఫైబర్‌కీ, చెక్కకీ అంటుకోవాలి. ఆ పట్టులో ఎపాక్సీ ముందుంటుంది. ఒకవేళ బోటోడు గారు ఎపాక్సీతో గుడ్డ వేయాల్సి వస్తే మీరు వాడే మామూలు మ్యాట్ వద్దంటాను. ఆ పోగుల్ని కలిపి ఉంచే బైండరు పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌లో కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ సరిగా తడవక బిరుసుగా ఉండిపోతుంది. నేసిన గుడ్డో, బయాక్సియల్ గుడ్డో వాడాలి.

జాలారిపేట_ఫైబర్
ఆ బైండర్ సంగతి కొత్తగా విన్నాను. మా కుర్రాళ్ళు ఒకసారి ఎపాక్సీ తెచ్చి మ్యాట్ వేస్తే ఎందుకు తెల్లగా నిలిచిపోయిందో ఇప్పుడర్థమైంది. నేనూ ఒకటి చెబుతా, పాలిస్టర్ ముట్టుకునేవాళ్ళకి. రెసిన్ గట్టిపడటానికి వేసే కోబాల్టునీ క్యాటలిస్టునీ ఎప్పుడూ ఒకదాన్లో ఒకటి నేరుగా పోయకండి, భగ్గుమంటుంది. ముందు రెసిన్లో కోబాల్టు కలిపి, బాగా తిప్పాక అప్పుడు క్యాటలిస్టు. మా ఎండకి క్యాటలిస్టు మామూలు శాతం కంటే కొంచెం తగ్గిస్తాం, లేకపోతే బ్రష్ గిన్నెలోనే గట్టిపడుతుంది.

సియాటిల్_ముసురు
ఈ అలవాటున్నవాళ్ళే ఎపాక్సీ దగ్గర దెబ్బతింటారు. పాలిస్టర్‌కి క్యాటలిస్టు కొంచెం అటూ ఇటూ చేయొచ్చు. ఎపాక్సీకి కుదరదు. వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌కి 205 హార్డెనర్ అయితే ఐదుకి ఒకటి, అంతే. చలిగా ఉందని హార్డెనర్ ఇంకో చెంచా వేస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ జిగురుగానే ఉంటుంది. చలికి హార్డెనర్ రకం మార్చాలి గానీ కొలత మార్చకూడదు. కలిపాక లోతు కప్పులో ఉంచొద్దు, తన వేడికి తానే పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పోసుకోండి. గట్టిపడ్డాక పైన మైనంలాంటి పొర వస్తే ముందు నీళ్ళతో రుద్ది కడిగి, తర్వాతే సాండ్‌పేపర్.

గాలివాటం
వంట రానివాళ్ళు పడవ కొనకూడదని అర్థమైంది.

బర్క్లీ_బోటోడు
వంట వచ్చు నాకు. మాస్టు పక్కన మెత్తటి చోటు గురించి ఎవరూ చెప్పలేదు.

లేక్‌ట్రావిస్_రెడ్డి
ఇది తేలిక. పైపొరలో సన్నటి రంధ్రాలు వరసగా చేసి, సిరంజితో పల్చటి ఎపాక్సీ ఎక్కించండి. గట్టిపడిపోతుంది. యూట్యూబులో బోలెడు ఉన్నాయి.

ఎపాక్సీ_ఆచారి
రెడ్డి గారూ, దీనితో మాత్రం ఏకీభవించను. తడి చెక్కలోకి ఎపాక్సీ ఎక్కదు, నీళ్ళున్న చోటికి అదెలా వెళుతుంది? రంధ్రాల చుట్టూ చిన్న చిన్న గడ్డలు కట్టి ఊరుకుంటుంది, మధ్యలో చెక్క కుళ్ళుతూనే ఉంటుంది. పైగా ఇప్పుడు డెక్‌కి కొత్త రంధ్రాలు. పొడిగా ఉండి, పొరలు మాత్రమే విడిపోయిన చోట ఆ పద్ధతి పనికొస్తుంది. యూట్యూబు వాళ్ళు రెండేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచి చూపించరు.

లేక్‌ట్రావిస్_రెడ్డి
ఆరబెట్టాకే ఎక్కించమంటున్నా. ఎండాకాలంలో రంధ్రాలు తెరిచి వదిలితే ఆరదా?

అలమీడా_గాలి
మీ దగ్గర ఆరుతుందేమో. బే మీద ప్రతి సాయంత్రం పొగమంచు దిగుతుంది.

ముందు ఎంత మేర ఉందో కొలవాలి బోటోడు గారూ. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ వెళ్ళండి. బాగున్నచోట టక్‌మని ఖంగుమంటుంది, పాడైనచోట డప్పగా పలుకుతుంది. మాస్కింగ్ టేపుతో ఆ హద్దులు గీసుకోండి. మీ పడవలో మాస్టు డెక్ మీదే నిలబడుతుంది, కింద లోపల ఒక స్తంభం ఆ బరువుని మోస్తుంది. మెత్తటిచోటు మాస్టు కాళ్ళ కిందికి పోయిందా, పక్కనే ఆగిందా అన్నదే అసలు ప్రశ్న. బాత్రూమ్ తలుపు ఈమధ్య బిగుసుకుంటోందా? ఎంత బిగించినా ష్రౌడ్లు వదులవుతున్నాయా? అవునంటే డెక్ కుంగుతోందని అర్థం.

పడవ_నా_సవతి
బాత్రూమ్ తలుపు బాగానే పడుతోంది. అది మొదటిరోజే పరీక్షించాను.

బర్క్లీ_బోటోడు
తట్టి చూశాం. భోజనం ప్లేటు కంటే కొంచెం పెద్దది, మాస్టుకి ఎడమపక్క. మాస్టు కింద ఖంగుమనే ఉంది. పాత ఓనరు అక్కడ ఏదో క్లీట్ (తాడు చుట్టే కొక్కెం) పెట్టి తీసేసిన రంధ్రాలు రెండున్నాయి, సిలికాన్‌తో మూసినవి.

గాలివాటం
ఆ సిలికాన్ మహర్షి మళ్ళీ ప్రత్యక్షం.

ఎపాక్సీ_ఆచారి
మాస్టు కింద బాగుంటే కంగారు లేదు, వానాకాలం అయ్యాక చేసుకోవచ్చు. అప్పటిదాకా ఆ రెండు రంధ్రాల్లో సిలికాన్ పీకి బ్యూటైల్ దూర్చి పైన టేపు వేయండి. అప్పుడు పైపొరని చతురస్రంగా కోయాలి, మూలలు గుండ్రంగా. కుళ్ళిన చెక్క తీసేసి, కొత్త ప్లైవుడ్ గానీ బాల్సా గానీ ఎపాక్సీలో కూర్చోబెట్టి, మళ్ళీ పైన గుడ్డ వేయాలి. కొత్త గుడ్డ పాతదాన్ని పట్టుకోవాలంటే అంచు ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండింతలు వాలు. పైపొర అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటే చుట్టూ అంగుళంన్నర. దుమ్ము చాలా వస్తుంది, మామూలు గుడ్డ మాస్క్ చాలదు, ఫిల్టర్ల రెస్పిరేటర్ పెట్టుకోండి.

లంగరు_లక్ష్మి
ఒక మాట. అన్నీ మనమే చేయాలన్న ఊపులో ఏవి చేయకూడదో ఎవరూ చెప్పట్లేదు. స్టాండింగ్ రిగ్గింగు, అంటే మాస్టుని నిలబెట్టే తీగలు, ఎప్పటివో కనుక్కున్నారా? కొస దగ్గర నొక్కి బిగించిన స్వేజ్ ఫిట్టింగుల్లో సన్నగీతలు, తీగలో ఒక్క పోగు తెగి ముల్లులా పొడుచుకున్నా మార్చాల్సిందే. ఉప్పునీళ్ళలో పదిహేనేళ్ళు దాటిన తీగల్ని బీమావాళ్ళు చాలామంది ఒప్పుకోరు. అది నిపుణుడికి ఇవ్వండి. కొలత అర అంగుళం తప్పితే తీగ మొత్తం వృథా.

సాగర్_గట్టు
అంతా నిపుణులకిస్తే సముద్రం మధ్యలో ఏం చేస్తారు? 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి అనే నేవీ తెరచాప పడవ మీద ఆరుగురు నేవీ అమ్మాయిలు భూమి చుట్టి వచ్చారు. వాళ్ళలో మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొద్దపాటి ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో వాళ్ళకి యార్డు ఎక్కడిది? ఏది విరిగినా వాళ్ళే చూసుకోవాలి.

లంగరు_లక్ష్మి
అదే తారిణి తిరిగొచ్చేటప్పుడు స్టీరింగులో లోపం వచ్చి మారిషస్‌లో పోర్ట్ లూయిస్‌కి వెళ్ళింది కదా, ముందు అనుకోని ఆగడం అది. ఏది తమవల్ల అవుతుందో, దేనికి రేవు చేరాలో వాళ్ళకి తెలుసు. నేననేదీ అదే.

సాగర్_గట్టు
సరే, ఈ పాయింటు మీకే. నేర్చుకోవడం మానొద్దని మాత్రమే నేనన్నది.

జాలారిపేట_ఫైబర్
స్వాతి సెయిలింగ్ నేర్చుకున్నది వైజాగ్‌లోనే. మా పేటలో పిల్లలకి ఇప్పటికీ ఆ పేరే చెబుతాం.

సియాటిల్_ముసురు
డెక్ ఆరేలోపు చేతులు ఊరుకోకపోతే వించ్‌లు (తాళ్ళు లాగి బిగించే చక్రాలు) విప్పండి, కొత్తవాళ్ళకి మంచి పని. కిరసనాయిల్లో కడిగి, గేర్లకి గ్రీజు పల్చగా రాయాలి. పాల్స్‌కి (వించ్ వెనక్కి తిరగకుండా ఆపే చిన్న పళ్ళు) మాత్రం గ్రీజు రాయొద్దు, నూనె చుక్క చాలు. గ్రీజు గడ్డకట్టి పాల్ లోపలే ఇరుక్కుంటే లోడ్ మీదున్న హ్యాండిల్ వెనక్కి తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. విప్పేముందు అట్టపెట్టెకి అడుగున కంత చేసి వించ్‌కి తొడగండి. ఆ చిన్న స్ప్రింగులు ఎగిరితే పెట్టెలో పడతాయి, లేకపోతే నీళ్ళలోకి.

లేక్‌ట్రావిస్_రెడ్డి
ఇది వంద శాతం. యానోడ్‌లు (మిగతా లోహాలకి బదులు తాము అరిగిపోయే లోహపు ముక్కలు) కూడా చూసుకోండి, సగం అరిగితే మార్చేయాలి. మీది ఉప్పునీళ్ళు కాబట్టి జింక్. నాలాగా మంచినీళ్ళ వాళ్ళకి మెగ్నీషియం. వాటికి రంగు వేయకండి, వేస్తే పనిచేయవు.

సియాటిల్_ముసురు
లేక్ యూనియన్ మంచినీళ్ళలో ఉండి, బల్లార్డ్ లాక్స్ (నీటి గేట్లు) దాటి ఉప్పునీళ్ళలోకి వెళ్ళే మాలాంటివాళ్ళకి ఈ జింకు, మెగ్నీషియం రాజకీయం అర్థం కాక అల్యూమినియం పెట్టుకుంటాం.

బర్క్లీ_బోటోడు
అందరికీ చెబుతున్నా. రెండు స్టాంచన్లు, చెయిన్‌ప్లేట్ అయిపోయాయి, మొన్న రాత్రంతా వాన పడినా బెర్తు పొడిగా ఉంది. పాత సిలికాన్ గీకడమే అన్నిటికంటే పెద్ద పని. ప్లాస్టిక్ బ్లేడుతో గీకి, ఆ మరక మీద సన్న సాండ్‌పేపర్ వేశాక గానీ డెక్ తేలలేదు. మెత్తటిచోటు ఏప్రిల్‌లో కోస్తాను. రిగ్గింగు రిగ్గరుకే ఇస్తున్నా, లక్ష్మి గారూ. ఇప్పుడు కొత్తది. బిల్జ్‌లో (పడవ లోపల అట్టడుగున) కీల్ బోల్టుల నట్లకి తుప్పు, పడవ కింద బరువైన కీల్‌ని పట్టుకునేవి అవే. పడవ నీళ్ళలో ఉండగా ఒక్కోటి తీసి చూడొచ్చా?

అలమీడా_గాలి
నీళ్ళలో ఉండగా నట్లు విప్పడం వద్దు. ఎలాగూ పడవ అడుగున రంగు వేయడానికి యార్డులో ఎత్తిస్తారు కదా, అప్పుడు కీల్, హల్ కలిసే చోట ముందు అంచున అడ్డంగా పగులు ఉందేమో చూడండి. ఈ పడవల్లో అది మామూలే, కెటలీనా స్మైల్ అంటారు. సన్నటి గీత అయితే బోల్టులు సరిగ్గా బిగించి నింపుకుంటే చాలు. పగులులోంచి తుప్పు నీళ్ళు కారుతున్నా, కీల్ కింద స్టాండు సర్దినప్పుడు సందు తెరుచుకున్నా పడవలు పరీక్షించే సర్వేయరుని పిలవండి. కొన్ని పాత పడవల్లో బోల్టులు మామూలు ఇనుమువి, లోపల సన్నబడి ఉంటాయి, పైన నట్టు చూస్తే తెలీదు.

గాలివాటం
ఓడలు బండ్లవుతాయంటే ఇదే. పడవ వెళ్ళి ట్రావెల్ లిఫ్టు (పడవల్ని ఎత్తే చక్రాల క్రేను) ఎక్కి కూర్చుంటుంది.

పడవ_నా_సవతి
యార్డులో ఎత్తితే ఎంతవుతుందో ఎవరైనా నిజం చెప్పండి. ఆయన నాకు ఒక అంకె చెప్పారు, అది నేను నమ్మడం లేదు.

అలమీడా_గాలి
అమ్మా, ఎత్తి దింపడానికి అడుగు లెక్కన తీసుకుంటారు, పైన రోజువారీ స్థలం అద్దె. అద్దె దగ్గరే బిల్లు పెరుగుతుంది. వెళ్ళేముందు రంగు, రోలర్లు, యానోడ్లు అన్నీ కొని పెట్టుకోండి, లేకపోతే షాపు చుట్టూ తిరగడానికే ఒక రోజు అద్దె. సొంతంగా పని చేసుకోనిచ్చే యార్డేనా కాదా అని కూడా ముందే అడగాలి, ఇప్పుడు చాలా చోట్ల ఒప్పుకోవడం లేదు. అడుగు రంగులో రాగి ఉంటుంది, పొడిగా గీకనివ్వరు, వాక్యూమ్ ఉన్న సాండర్ అద్దెకి తీసుకోమంటారు, అది కూడా లెక్కలో వేసుకోండి. కీల్ నట్లకి టార్క్ రెంచి కొనకండి, నా దగ్గర పెద్దది ఉంది. యార్డు తేదీ ఖాయమయ్యాక మెసేజ్ పెట్టమనండి.